19 ఏళ్ల స్ట్రైకర్, పెద్ద టోర్నీ: గోల్స్ సంగతి తర్వాత, ముందు నిమిషాలు లెక్కేద్దాం

ఈ కేసులో ఆటగాడి పేరు, దేశం, టోర్నీ చెప్పను. వయసు 19, సెంటర్ ఫార్వర్డ్ (అందరికంటే ముందుండి గోల్స్ కొట్టాల్సిన స్ట్రైకర్), కుడికాలి ఆటగాడు, మంచి వేగం. ఇక్కడ కుర్రాడు అనే పిలుస్తాను. నేను జాతీయ ఫుట్‌బాల్ జట్టుకి వీడియో అనలిస్ట్‌ని. జట్టు ప్రకటించడానికి ముందు కోచింగ్ బృందం నన్ను అడిగింది ఒక్కటే: ఈ టోర్నీలో ఇతని మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు? అప్పుడు నేనిచ్చిన రిపోర్టు, క్యాంపులో చేసిన పని, చివరికి మైదానంలో జరిగింది, మూడూ రాస్తున్నాను. ఎందుకంటే ఈ వయసు స్ట్రైకర్ ఎవరొచ్చినా సగం మంది "ఇంకో పెలే దొరికాడు" అంటారు, మిగతా సగం "ఇంకా పచ్చివాడు, అప్పుడే ఎందుకు" అంటారు. ఈ రెండు మాటల్లో దేన్నీ పట్టుకుని కోచ్ జట్టు ఎంపిక చేయలేడు.

క్లబ్బులో అతనికి అది మొదటి పూర్తి సీజన్. రెగ్యులర్ స్ట్రైకర్‌కి గాయమైతే జట్టులోకి వచ్చాడు, మళ్లీ బయటికి పోలేదు. గోల్స్ బాగానే పడ్డాయి, పేపర్లలో ఫొటోలు వచ్చాయి, అభిమానులు అతని పేరు రాసిన జెర్సీలు కొనుక్కున్నారు. జాతీయ జట్టుకి మాత్రం ఫ్రెండ్లీల్లో చివరి నిమిషాల్లో దిగడమే. అతనికంటే ముందు ఇద్దరున్నారు. ఒకరు ముప్పై దాటిన కెప్టెన్, పెనాల్టీలన్నీ ఆయనవే. ఇంకొకతను పొడగరి, హెడర్లకి పేరున్నవాడు. అంటే మనవాడు మూడో స్ట్రైకర్. ఈ ఒక్క ముక్క చాలా మంది మర్చిపోతారు.

అతని గోల్స్ అన్నీ వరసగా పెట్టి చూస్తే మొదటి పావుగంటలోనే ఒక సంగతి అర్థమైంది. దాదాపు అన్నీ ఒకే రకం. క్లబ్ జట్టు వెనక కాచుకుని ఆడుతుంది, సొంత హాఫ్‌లో బంతి గెలుచుకుంటుంది, రెండు మూడు పాస్‌లలో డిఫెన్స్ వెనకాలకి పంపిస్తుంది, మనవాడు సెంటర్ బ్యాక్‌ని (గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్‌ని) పరుగులో దాటేసి గోల్‌కీపర్‌తో ఒంటరిగా తేల్చుకుంటాడు. ఆ పనిలో అతను నిజంగా గొప్పవాడు. పరుగు మొదలుపెట్టే క్షణం, ఆఫ్‌సైడ్ గీతకి (చివరి డిఫెండర్ల వరసకి) సమాంతరంగా కొంచెం వంకరగా కదిలి ఒక్కసారిగా నిలువుగా మళ్లడం, ఇవి నేర్పిస్తే వచ్చేవి కావు, లేదా చాలా ఏళ్లు పడుతుంది. కానీ ఆ గోల్స్ పడాలంటే డిఫెన్స్ వెనక ముప్పై, నలభై మీటర్ల ఖాళీ ఉండాలి.

జాతీయ జట్టు సంగతి తిరగబడి ఉంటుంది. మా గ్రూపులో రెండు జట్లు మాకంటే బలహీనం. అవి మాతో ఆడేటప్పుడు పదిమందీ బాక్స్ (గోల్ ముందుండే పెనాల్టీ ప్రాంతం) ముందు కూర్చుంటారు. వెనక ఖాళీ పది మీటర్లు కూడా ఉండదు, అందులో గోల్‌కీపర్ నిలబడి ఉంటాడు. ఫ్రెండ్లీల్లో మనవాడి పరుగులన్నీ అలాగే గోల్‌కీపర్ చేతుల్లోకి పోయాయి. అతని పేరుతో గ్యాలరీ ఊగిపోయేది సరిగ్గా ఇలాంటి మ్యాచ్‌ల్లోనే: చిన్న జట్టు మీద స్కోరు 0-0, కుర్రాణ్ని దింపండి అని కేకలు. నా రిపోర్టులో అసలు విషయం ఇదే. చిన్న జట్ల మీద కుర్రాడికి అనుభవం వస్తుందని దింపి, పెద్ద మ్యాచ్‌కి పక్కన పెట్టడం ఇతని విషయంలో తప్పు లెక్క. ఇతన్ని ఎదురొచ్చి ఆడే బలమైన జట్టు మీదే దింపాలి, లేదా మనం లీడ్‌లో ఉండి అవతలివాళ్లు సమం చేయడానికి ముందుకొచ్చినప్పుడు దింపాలి.

ఇది నా ఊహ అనుకోకుండా ఉండటానికి పాత మ్యాచ్‌లు కొన్ని తిరగేశాను. 2022 ప్రపంచకప్ చూడండి, గొన్సాలో రామోస్, అప్పటికి 21 ఏళ్లు. ప్రీక్వార్టర్స్‌లో స్విట్జర్లాండ్ మీద క్రిస్టియానో రొనాల్డో స్థానంలో మొదటిసారి పోర్చుగల్ తరఫున మొదటి పదకొండులో దిగి హ్యాట్రిక్ కొట్టాడు, 6-1. స్విట్జర్లాండ్ వెనకబడే కొద్దీ ముందుకొచ్చింది, వెనక ఖాళీలు పెరిగాయి. నాలుగు రోజుల తర్వాత క్వార్టర్స్‌లో అదే రామోస్ మొరాకో మీద మొదటి నుంచీ ఆడాడు. మొరాకో గట్టిగా కుదురుకుని కాచుకుంది, 42వ నిమిషంలో ఎన్-నెసిరి హెడర్‌తో 1-0 అయ్యాక ఇంకా బిగుసుకుంది. రామోస్‌కి గోల్ లేదు, పోర్చుగల్ ఇంటికెళ్లింది. నాలుగు రోజుల్లో కుర్రాడి కాళ్లలో సత్తా తగ్గిపోలేదు కదా. ఎదుటి జట్టు మారింది, ఖాళీ మాయమైంది, అంతే.

1998 ప్రపంచకప్‌లో ఇంగ్లాండ్ కుర్రాడు మైకేల్ ఓవెన్ కూడా అంతే. 18 ఏళ్లు. కోచ్ గ్లెన్ హాడిల్ అతన్ని మొదటి మ్యాచ్ నుంచే దింపలేదు. ట్యునీషియా మీద సబ్‌స్టిట్యూట్, రొమేనియా మీద సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి గోల్, కొలంబియా మీద మొదటి పదకొండులో చోటు, తర్వాత సెయింట్ ఎటియెన్‌లో అర్జెంటీనా మీద ఆ గోల్. 2018 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ కుర్రాడు ఎంబాపెకి 19. కజాన్‌లో అర్జెంటీనా మీద సొంత హాఫ్‌లో బంతి అందుకుని పరుగెత్తితే బాక్స్‌లో పడేశారు, పెనాల్టీ. రెండో హాఫ్‌లో రెండు గోల్స్. రెండు సార్లూ ఎదుట అర్జెంటీనా, ఆడటానికి ముందుకొచ్చే జట్టు.

ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఇంకోటుంది. ఎంబాపె తెచ్చిన ఆ పెనాల్టీ కొట్టింది గ్రీజ్‌మన్. 1998లో ఓవెన్ తెచ్చిన పెనాల్టీ కొట్టింది షియరర్. కుర్రాళ్లు పెనాల్టీలు తెస్తారు, పెద్దవాళ్లు కొడతారు. టోర్నీ గోల్స్ పట్టికలో ఇది ఎంత తేడా తెస్తుందంటే, 2018లో హ్యారీ కేన్ ఆరు గోల్స్‌తో గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే అవార్డు) గెలిస్తే అందులో మూడు పెనాల్టీలు. 2022లో మెస్సీ ఏడు గోల్స్‌లో నాలుగు పెనాల్టీలు. పెనాల్టీ గోల్ అయ్యే అవకాశం నూటికి 75 పైమాటే, మామూలు షాట్‌కి పది అటూ ఇటూ. కాబట్టి పెనాల్టీలు కొట్టని కుర్రాణ్ని, కొట్టే కెప్టెన్‌ని ఒకే పట్టికలో పెట్టి పోల్చడం అన్యాయం. అభిమానులు పోల్చుకోవచ్చు, కోచింగ్ బృందం పోల్చకూడదు.

ఇక లెక్క. గోల్స్ ఎన్ని కొడతాడు అని అడిగినప్పుడల్లా నేను ముందు నిమిషాలు ఎన్ని అని అడుగుతాను. గ్రూప్ దశ మూడు మ్యాచ్‌లు, 270 నిమిషాలు. మూడో స్ట్రైకర్‌కి అందులో ఓ 60 నిమిషాలు దక్కితే గొప్పే. ఇప్పుడు 90 నిమిషాలకు సగటున 0.4 గోల్ ఆశించదగ్గ స్ట్రైకర్‌ని ఊహించుకుందాం. 34 మ్యాచ్‌లు పూర్తిగా ఆడితే 13, 14 గోల్స్ కొట్టేవాడన్నమాట, ఎవరైనా సరే మంచి స్ట్రైకర్ అంటాం. అతనికి 60 నిమిషాలిస్తే ఆశించేది 0.27 గోల్. పాయిసాన్ లెక్క (సగటు తెలిస్తే ఒక సంఘటన ఎన్నిసార్లు జరగొచ్చో చెప్పే గణిత సూత్రం) ప్రకారం కనీసం ఒక గోల్ కొట్టే అవకాశం నూటికి 23. మొత్తం 270 నిమిషాలూ ఇచ్చినా ఒక్క గోల్ కూడా లేకుండా గ్రూప్ దశ ముగిసే అవకాశం నూటికి 30 ఉంటుంది. నాలుగు పూర్తి మ్యాచ్‌లు ఆడించినా నూటికి 20. లీగులో ఈ ఎగుడుదిగుళ్లు సీజన్ పొడుగునా సర్దుకుంటాయి. టోర్నీలో సర్దుకునే టైం ఉండదు.

రాస్మస్ హొయ్‌లండ్ పేరు చెబితే ఈ లెక్క కళ్లకు కడుతుంది. యూరో 2024 క్వాలిఫైయర్స్‌లో డెన్మార్క్‌కి ఏడు గోల్స్ కొట్టాడు. అసలు టోర్నీలో నాలుగు మ్యాచ్‌ల్లోనూ మొదటి పదకొండులో ఉన్నాడు, గోల్ లేదు. డెన్మార్క్ జట్టంతా కలిసి కొట్టింది రెండే. అలాంటప్పుడు స్ట్రైకర్ ఒక్కణ్నీ నిలబెట్టి అడగడం నాకు ఎప్పటికీ నచ్చదు. బంతి రాని చోట నిలబడ్డవాడు ఏం చేస్తాడు? బ్రెజిల్ కుర్రాడు ఎండ్రిక్ కూడా అదే బాపతు. 2024 మార్చిలో 17 ఏళ్ల వయసులో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి వెంబ్లీలో ఇంగ్లాండ్ మీద గెలుపు గోల్ కొట్టాడు. నాలుగు నెలలు తిరక్కుండానే కోపా అమెరికాలో వినీసియస్‌కి సస్పెన్షన్ పడితే ఉరుగ్వేతో క్వార్టర్స్‌లో మొదటి నుంచీ దిగాడు. మ్యాచ్ 0-0, బ్రెజిల్ పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది, ఎండ్రిక్ ఆ టోర్నీ గోల్ లేకుండానే ముగించాడు.

అసలు ఆడించకుండా తీసుకెళ్లడం ఇంకో దారి. 1994 ప్రపంచకప్‌కి 17 ఏళ్ల బ్రెజిల్ రొనాల్డో జట్టుతో అమెరికా వెళ్లి ఒక్క నిమిషం కూడా ఆడకుండా కప్పుతో తిరిగొచ్చాడు, ఆ తర్వాత అతనికి వచ్చిన నష్టమేమీ లేదు. 2006 ప్రపంచకప్‌లో థియో వాల్‌కాట్ సంగతి వేరు. 17 ఏళ్లు, ప్రీమియర్ లీగ్‌లో అప్పటికి ఒక్క మ్యాచ్ ఆడలేదు, ఇంగ్లాండ్ నలుగురే స్ట్రైకర్లని తీసుకెళ్తే అందులో ఒకడు. స్వీడన్ మీద మొదటి నిమిషంలోనే ఓవెన్ మోకాలు పోయింది, పోర్చుగల్ మీద రూనీకి రెడ్ కార్డ్ పడింది, అయినా వాల్‌కాట్‌ని దింపలేదు. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: అవసరమొచ్చినా దింపే ధైర్యం లేని ఆటగాణ్ని జట్టులోకి తీసుకోకూడదు. అది జట్టుకీ నష్టం, ఆ పిల్లాడికీ నష్టం. ఇప్పుడు 26 మందిని తీసుకెళ్లొచ్చు, ఐదుగురు సబ్‌స్టిట్యూట్లని దింపొచ్చు, కాబట్టి పరిస్థితి కొంచెం మెరుగు. ఓవెన్ రోజుల్లో మూడే.

రిపోర్టులో నేను రాసింది ఇదీ. తీసుకెళ్లండి. మొదటి రెండు మ్యాచ్‌ల్లో మొదటి నుంచీ వద్దు. లీడ్‌లో ఉంటే అరవయ్యో నిమిషం తర్వాత దింపండి. మూడో మ్యాచ్‌లో ఎదుటి జట్టు పైకొచ్చి ప్రెస్ చేస్తుంది (బంతి ఉన్నవాళ్ల మీదికి దూసుకొస్తుంది), దాని సెంటర్ బ్యాక్‌లలో ఒకతను వెనక్కి తిరిగి పరుగెత్తడంలో నిదానం, ఆ మ్యాచ్‌లో మొదటి పదకొండులో పెట్టడం గురించి ఆలోచించండి. గోల్స్ అంచనా అడిగిన గడిలో "సున్నా లేదా ఒకటి" అని రాశాను. ఒక అసిస్టెంట్ కోచ్‌కి అది నచ్చలేదు, ఇంత హడావుడి చేసిన కుర్రాడికి సున్నానా అన్నారు. పైన చెప్పిన 60 నిమిషాల లెక్క ఆయన ముందు పెట్టాను. ఆయన ఒప్పుకున్నారని చెప్పలేను గానీ మళ్లీ అడగలేదు.

క్యాంపులో మా పని చాలావరకు ఒకే కదలిక మీద. చిన్న జట్ల మీద దిగాల్సి వస్తే ఏం చేయాలన్నది. ఫ్రెండ్లీ వీడియోలో ఒక క్లిప్ ఉంది, అతనికి అదే పదే పదే చూపించాను. మా కుడి వింగర్ (మైదానం అంచున ఆడే ఫార్వర్డ్) బాక్స్ పక్కన మైదానం చివరి గీత దాకా వెళ్తాడు. మనవాడు అలవాటు ప్రకారం అందరికంటే ముందు గోల్ దగ్గరికి, ఆరు గజాల బాక్స్‌లోకి దూసుకుపోతాడు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు అతనితో పాటే గోల్ వైపు జారతారు. అతను చేరేసరికి బంతి ఇంకా వింగర్ కాళ్ల దగ్గరే ఉంటుంది, మనవాడు కదలకుండా నిలబడిపోతాడు, వీపు మీద డిఫెండర్ చెయ్యి. అప్పుడు వింగర్ బంతిని వెనక్కి, పెనాల్టీ స్పాట్ వైపు కోస్తాడు. అక్కడ ఎవరూ ఉండరు. క్లిప్ అక్కడ ఆపి, డిఫెండర్లు జారినప్పుడు పెనాల్టీ స్పాట్ చుట్టూ తెరుచుకున్న జాగా చూడమన్నాను. నాలుగడుగులు గోల్ వైపు పరుగెత్తి, వాళ్లు జారగానే బ్రేక్ వేసి అక్కడే ఆగిపోవాలి. పరుగే జీవనాధారమైన కుర్రాడికి ఆగడం నేర్పించడం ఎంత కష్టమో చెప్పలేను. మొదట్లో ఆగేవాడు కానీ మడమల మీద బరువేసి ఆగేవాడు, బంతి వచ్చేసరికి కాలు లేచేది కాదు. ఫార్వర్డ్స్ కోచ్ అది పసిగట్టి, ఆగిన చోట చిన్న చిన్న అడుగులు వేస్తూ ఉండమని చెప్పాక కుదిరింది. ఒక్క టచ్‌లో కొట్టాలి, రెండో టచ్‌కి అక్కడ టైం ఉండదు.

ఫిట్‌నెస్ వాళ్ల భయం వేరు. పూర్తి సీజన్ మొదటిసారి ఆడిన శరీరం, తొడ వెనక కండరాల మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచారు. యూరో 2004లో నాలుగు గోల్స్ కొట్టి ఊపు మీదున్న 18 ఏళ్ల రూనీ క్వార్టర్స్‌లో పాదం ఎముక విరిగి బయటికెళ్లడం అందరికీ గుర్తే. అయితే టోర్నీలో మూడో స్ట్రైకర్‌కి అసలు సమస్య తక్కువ ఆడటం. ఆడనివాడి శరీరం వారంలో మెత్తబడుతుంది. అందుకే మ్యాచ్ అయిపోయి జనం వెళ్లిపోతుండగా సబ్‌స్టిట్యూట్లు మైదానంలో పరుగులు తీస్తూ కనిపిస్తారు. ఆ పరుగులు సరదాకి కాదు, మర్నాడు ఎవరికైనా గాయమైతే వీళ్లు 90 నిమిషాలు నిలబడాలి.

ఇక జరిగింది చెబుతాను. మొదటి మ్యాచ్ అనుకున్నట్టే, అవతలి జట్టు కదల్లేదు, 0-0. గ్యాలరీలో అతని పేరు మార్మోగింది. కోచ్ ముందు పొడగరిని దింపి, చివరి పది నిమిషాల్లో మనవాణ్ని పంపాడు. బంతి తగిలింది కొద్దిసార్లే. కానీ ఒకసారి వింగర్ గీత దాకా వెళ్లాడు, మనవాడు నాలుగడుగులు వేసి ఆగాడు, బంతి సరిగ్గా అతని దగ్గరికే వచ్చింది, ఒక్క టచ్‌లో కొట్టాడు. డిఫెండర్ కాలికి తగిలి కార్నర్. టీవీలో దాన్ని మిస్ అన్నారు. బెంచ్ వెనక కూర్చున్న నాకు మాత్రం గుండె నిండిపోయింది, ఎందుకంటే నెల కిందట అతను ఆ చోట ఉండేవాడే కాదు.

రెండో మ్యాచ్ గెలిచాం, అతన్ని దింపలేదు. మ్యాచ్ అయ్యాక పరుగులు తీసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడలేదు. కోపంగా ఉన్నాడని తెలుస్తూనే ఉంది. నేను కదిలించలేదు.

మూడో మ్యాచ్‌కి కెప్టెన్ పిక్క పట్టేసింది, మనవాడు మొదటి పదకొండులోకి వచ్చాడు. రిపోర్టులో రాసినట్టే ఆ నిదానం సెంటర్ బ్యాక్ వైపే ఆడించారు. ఇరవై నిమిషాల్లోపే మనవాడు రెండుసార్లు అతన్ని దాటి వెనక ఖాళీలోకి దూసుకెళ్లాడు, రెండోసారి ఆ సెంటర్ బ్యాక్ చొక్కా పట్టి లాగి ఎల్లో కార్డు తిన్నాడు. అప్పటి నుంచి వాళ్ల డిఫెన్స్ లైన్ కొన్ని మీటర్లు వెనక్కి జరిగింది, మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య ఖాళీ పడింది. మా గోల్ ఆ ఖాళీలోంచే వచ్చింది, మిడ్‌ఫీల్డర్ బాక్స్ అంచు నుంచి కొట్టాడు. స్కోర్ షీట్‌లో మనవాడి పేరు లేదు, అసిస్ట్ కూడా కాదు. కానీ ఆ గోల్‌కి ముందు ఇరవై నిమిషాల వీడియో చూస్తే ఆ లైన్‌ని వెనక్కి నెట్టింది ఎవరో స్పష్టంగా కనబడుతుంది. డెబ్బయ్యో నిమిషంలో బయటికి వచ్చేశాడు, మ్యాచ్ డ్రా, మేము నాకౌట్‌కి చేరాం.

నాకౌట్‌లో మేము వెనకబడ్డాక దిగాడు. లీడ్‌లో ఉన్న జట్టు బాక్స్ ముందు కూర్చుంది. అది అతనికి తగిన మ్యాచ్ కాదు, కానీ ఓడుతున్న కోచ్ ఫార్వర్డ్‌లందరినీ దింపుతాడు, ఎవరైనా అదే చేస్తారు. ఓడిపోయాం. గోల్స్ సున్నా. మర్నాడు పేపర్లు ఏం రాసి ఉంటాయో మీరే ఊహించుకోండి. 19 ఏళ్ల కుర్రాడి గురించి అలా రాయడం నాకు ఈరోజుకీ బాధగానే ఉంది.

టోర్నీ తర్వాత కోచింగ్ బృందానికి ఇచ్చిన రిపోర్టులో రెండు విషయాలు పెట్టాను. ఎదురొచ్చే జట్టు మీద ఇతను మొదటి పదకొండుకి సిద్ధం, మూడో మ్యాచ్ అందుకు సాక్ష్యం. కాచుకునే జట్టు మీద ఇంకా కాదు: గోల్‌కి వీపు పెట్టి బంతి నిలుపుకోవడం బలహీనం, ఎడమ కాలితో ఒక్క టచ్ షాట్ ఇంకా బలహీనం. క్లబ్బులో కూడా ఇప్పుడు ఇతని వేగం తెలిసి జట్లు వెనక్కి తగ్గి ఆడుతున్నాయి, గోల్స్ తగ్గాయి. నాకది మంచిదే అనిపిస్తోంది, ప్రతి వారం ఆ సమస్యతోనే ఆడాల్సి వస్తోంది కాబట్టి.

ప్రపంచకప్‌లో 2026 నుంచి 48 జట్లు, 12 గ్రూపులు, మూడో స్థానంలో నిలిచిన వాటిలో ఎనిమిది కూడా ముందుకెళ్తాయి. చిన్న జట్టుకి ఒక డ్రా, ఒక్క గోల్ తేడాతో ఓటమి కూడా విలువైనవే, కాబట్టి కాచుకుని ఆడే మ్యాచ్‌లు పెరుగుతాయన్నది నా అంచనా. ఏ టోర్నీకైనా సరే, వేగమే బలంగా ఉన్న యువ స్ట్రైకర్ల గురించి నన్నడిగితే ముందు ఏ గ్రూపులో ఏ జట్లు పడ్డాయో చూసి, తర్వాత ఆటగాణ్ని చూస్తాను.

మొన్న క్వాలిఫైయర్స్‌కి రిపోర్టు అడిగారు. గ్రూపులో రెండు జట్లు కచ్చితంగా బాక్స్ ముందు కూర్చునేవే. వాటి మీద పొడగరితో మొదలుపెట్టి, అరవై నిమిషాల తర్వాత ఇద్దరినీ కలిపి ఆడించమన్నాను. మిగతా మ్యాచ్‌లకి కుర్రాడే మొదటి పేరు. కెప్టెన్ జాతీయ జట్టు నుంచి రిటైర్ అయ్యాడు కాబట్టి పెనాల్టీలు ఎవరికి అన్న గడి ఖాళీగా ఉంది. ప్రాక్టీస్ అయ్యాక ఉండిపోయి, ప్రతిసారీ ఒకే దూరం నుంచి ఒకే పరుగుతో వచ్చి కొడుతున్నాడని ఫార్వర్డ్స్ కోచ్ చెప్పారు, వీడియోలు నేనూ చూశాను. ఆ గడిలో అతని పేరే రాశాను.